అన్నయ్య వైపు

చిగుళ్ళ జబ్బు ముదిరి నాన్న పళ్ళ కింద ఎముక కరిగిపోయింది. రెండు వైపులా దవడపళ్ళు కదిలేవి. ఆయన జ్ఞానదంతం ఒకటి పీకి, దాని వేరుకి అంటుకున్న పొరలోంచి మూలకణాలు తీసి ల్యాబులో పెంచారు. ఆ కణాలు కలిపిన జెల్‌ని ఒక వైపు చిగుళ్ళ కింద పెట్టారు. రెండో వైపు ఉత్త జెల్. ప్రయోగం కాబట్టి ఏ వైపు ఏది పెట్టారో చివరిదాకా చెప్పరు.

"రెండు వైపులా ఒకేలా తోమాలమ్మా. కణాలు ఎముకని పెంచుతాయేమో గానీ, పాచిని ఆపలేవు," అంది డాక్టరమ్మ నాతో. నాన్న చేతులు వణుకుతాయి. ఆయన పళ్ళు తోమేది నేనే.

మర్నాటికి ఎడమ బుగ్గ ఎక్కువ వాచింది. నాన్న అద్దం ముందు దాన్ని తడుముకుని మురిసిపోయాడు.

"ఇదిగో, ఇటే పెట్టారు. లోపల పని జరుగుతోంది. ఈ వైపు మీ అన్నయ్య."

"మరి ఆ వైపు?"

"ఇంకెవరే, నువ్వే!" నవ్వితే కుట్లు లాగి, "అబ్బా" అన్నాడు. నేనూ నవ్వాను. ఆయన పరాచికాలకి ముందుగా నవ్వేది చిన్నప్పటి నుంచీ నేనే. నవ్వేస్తే అవి నిజం కాకుండా పోతాయనుకునేదాన్ని.

ఆ రోజు నుంచీ ఎడమవైపు తోముతుంటే నోరు బార్లా తెరిచేవాడు. కుడివైపుకి వచ్చేసరికి పెదాలు బిగించేవాడు.

"చాల్లేవే, దానికంత సేవ దండగ. అన్నయ్య వైపు ఇంకోసారి తిప్పు."

మొదట్లో పోట్లాడాను. అన్నయ్యకి ఫోన్ చేసి, నువ్వైనా చెప్పమన్నాను. "ముసలాయన సరదా, పోనీవే," అన్నాడు. పరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కుడివైపు పాచి చూసి నన్ను కసిరింది. నాన్న తనకేమీ పట్టనట్టు కిటికీలోంచి చూశాడు. తర్వాతెప్పుడో పోట్లాడ్డం మానేశాను. ఆయన పెదాలు బిగించకముందే బ్రష్ కడిగేసేదాన్ని. అలా కడిగెయ్యడంలో ఏదో హాయి ఉండేది. అదేమిటని నన్ను నేను అడగలేదు.

ప్రయోగం చివరి రోజు డాక్టరమ్మ ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టింది.

"కణాలు పెట్టింది కుడివైపు. మొదట్లో కొత్త ఎముక కూడా వచ్చింది, చూడండి. తర్వాత చీముపట్టి అంతా తినేసింది. ఈ పన్ను తీసెయ్యాలి."

"మరి ఎడమ?"

"అక్కడ కణాల్లేవు. ఉన్న ఎముక నిలిచింది. మీ అమ్మాయి బాగా తోమింది."

నాన్న ఆ తెల్లటి నీడల్ని చాలాసేపు చూశాడు. ఇప్పుడైనా నావైపు తిరుగుతాడని, ఒక్క మాట అంటాడని ఎదురుచూశాను.

తిరిగాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

"చూశావటే! ఏ ఆసరా లేకుండానే నిలబడ్డాడు వాడు. అటు అన్నీ పోసినా దక్కలేదు."

"ఎవరండీ?" అంది డాక్టరమ్మ.

నేను నవ్వాను.

పన్ను పీకుతున్నప్పుడు నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నొప్పికి.

మర్నాడు పొద్దున్నే వాచిన కుడి బుగ్గని అరచేత్తో మూసుకుని, ఎడమవైపు నోరు బార్లా తెరిచాడు. నేను బ్రష్ తడిపి, అటే మొదలుపెట్టాను.