ఒంటి మాట

కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లోంచి తాలు కాయలు ఏరుతున్నాను. లేవాలి, కానీ లేవడానికి ధైర్యం చాలడం లేదు. కూర్చున్న చోట పట్టా తడిసిందని తెలుస్తూనే ఉంది. ఎదురుగా ఉన్న ఆదెమ్మ, ఏళ్ళ తరబడి మా చేలో కూలికొస్తున్న మనిషి, నా మొహం చూసింది. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి నా నడుముకి చుట్టింది.

"ఇంట్లోకి పో జ్యోతమ్మా. ఇక్కడ నేను కడిగేస్తాలే," అంది.

ఇంట్లోకి వెళ్ళాకే అసలు కష్టం. పొద్దున్నుంచి మిరపకాయల్లో నానిన చేతులు. సబ్బుతో కడిగినా, నూనె రాసుకున్నా, మజ్జిగలో ముంచినా వేళ్ళలోంచి ఆ మంట పోదు. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు. రక్తమోడుతున్న ఒంటిని శుభ్రం చేసుకోకూడదు. అయినా చేసుకోవాలి కదా. బాత్‌రూము గోడకి ఆనుకుని పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. బయటినుంచి నా భర్త కోటేష్ కేకేశాడు. దర్శి వైపు నుంచి రైతులు రేపు మన చేను చూడ్డానికి వస్తున్నారట, మధ్యాహ్నానికి భోజనాలు సిద్ధంగా ఉండాలట, కిందటిసారి పప్పులో ఉప్పు తగ్గిందట. విన్నావా అన్నాడు. విన్నానన్నాను.

కోటేష్ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పకపోతే మా వైపు వాళ్ళెవరూ మిగతాది వినరు. కొన్నేళ్ళ కిందట పత్తికి పురుగుమందు కొడుతూ చేలోనే పడిపోయాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక మందు డబ్బాలన్నీ అవతల పారేసి ప్రకృతి వ్యవసాయంలోకి దిగాడు. ఆ మార్పు నాకు నిజంగా నచ్చింది. గుప్పెడు మట్టి తీసి వాసన చూసేవాడు. ఆకు ముడుచుకుంటే ఎందుకు ముడుచుకుందోనని గట్టుమీద గొంతుకూర్చుని ఎంతసేపైనా చూసేవాడు. అలా చూస్తున్న మనిషిని చూడటం నాకు బాగుండేది. తర్వాత అధికారులు రావడం మొదలైంది, మైకు వచ్చింది, కోటేష్ కాస్తా కోటేష్ గారయ్యాడు. చేనుకి పోసే ఎరువు కోసం పేడ, ఆవుమూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో వేసి పూటపూటా కలిపేది నేను. వచ్చినవాళ్ళకి వండి పెట్టేది నేను. పంట బాగుంటే అతను 'నేను' అంటాడు. తెగులొస్తే 'ఇంట్లోవాళ్ళు సరిగ్గా కలపలేదు' అంటాడు.

గుంటూరులో బీఏ చదివేటప్పుడు నా సబ్జెక్టుల్లో తత్వశాస్త్రం ఒకటి. ఆ క్లాసులో ఉండేదే గుప్పెడుమందిమి. ఓ రోజు లెక్చరర్ గారు అడిగారు: నీకు శరీరం ఉందా, నువ్వే శరీరమా? 'ఉంది' అంటే, ఆ మాట అంటున్న నువ్వెక్కడున్నావు? హాస్టల్లో నా పక్క మంచం నసీమున్నీసాతో తెగ వాదించాను. శరీరం వేరు, నేను వేరు అన్నాను. నీకెప్పుడూ సరిగ్గా జ్వరం రాలేదేమో అని నవ్వింది. ఇప్పుడనిపిస్తుంది, తను వేరు, ఒళ్ళు వేరు అనుకోగలిగేది ఆ ఒంటికి అన్నం వండి, దాని బట్టలుతికి, జ్వరమొస్తే తడిగుడ్డ వేసేవాళ్ళు పక్కనున్న మనిషేనని. నెలల తరబడి రక్తం పోతుంటే నేనెక్కడో విడిగా కూర్చుని దాన్ని చూడటం లేదు. మెట్టు ఎక్కలేనిది నేనే. ఆలోచన సగంలో తెగిపోయేది నాదే. పిల్లలు హాస్టల్నుంచి ఫోన్ చేస్తే ఊరికే విసుక్కునేదీ నేనే.

కోతలు మొదలవకముందు కోటేష్ నన్ను గుంటూరు బ్రాడీపేటలో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. డాక్టరు నన్ను బల్లమీద పడుకోబెట్టి చూసి, చేతులు కడుక్కుని, కోటేష్ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎన్నాళ్ళనుంచి అని అడిగితే, ఈ మధ్యేనండీ, రెండు నెలలుగా అన్నాడు కోటేష్. నిజానికి ఏడాది దాటింది. చేలో ఏ మడిలో మొదట నల్లి పురుగు కనపడిందో, ఏ వానకి తగ్గిందో తడుముకోకుండా చెప్పగల మనిషి. నేను నోరు తెరిచేలోపే డాక్టరు తేల్చేశాడు.

"పిల్లలున్నారుగా. ఇంక గర్భసంచితో పనేముంది? తీసేస్తే గొడవ వదిలిపోద్ది."

రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. ఇప్పుడు ఇంట్లో మనిషి లేకపోతే కష్టమండీ, కోతలయ్యాక పెట్టుకుందాం అన్నాడు కోటేష్. ఇద్దరూ కలిసి ఆపరేషన్‌కి నెల ఖాయం చేశారు. నేనప్పటికింకా కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాను.

మా అత్తగారు పున్నమ్మకి అందులో వింతేమీ కనిపించలేదు. నలభై దగ్గరపడ్డ ఆడాళ్ళలో ఈ వీధిలో గర్భసంచి ఎవరికుంది గనక అన్నారు. నిజమే. ఆవిడకి లేదు, మా తోడికోడలికి లేదు. ఆదెమ్మకైతే పాతికేళ్ళప్పుడే తీసేశారు. కడుపునొప్పని పోతే తీసేశారట. నొప్పి పోయిందట, ఆ తర్వాతే ఎముకల నొప్పులు పట్టుకున్నాయట. "నన్నెవరూ అడగలా జ్యోతమ్మా. నేను అడగొచ్చని నాకూ తెలీలా," అంది.

చెప్పినట్టే మర్నాడు దర్శి రైతులు వచ్చారు. చేను గట్టుమీద షామియానా వేశారు. నేను మజ్జిగ బిందె మోసుకొచ్చేసరికి కోటేష్ మైకులో చెబుతున్నాడు.

"మనిషి వేరు, ప్రకృతి వేరు అనుకున్నాం. అక్కడే చెడిపోయాం. ఈ మట్టే మన ఒళ్ళు. భూమికి రోగమొస్తే వెంటనే ఏదో ఒకటి చేసేయడం కాదన్నా, ఎందుకొచ్చిందో అడగాలి. ఆ తల్లి చెప్తది. వినే ఓపిక మనకుండాలి."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ కొట్టాలనిపించింది, అంత బాగా చెప్పాడు. అంతలో చేనంతా పచ్చగా గిర్రున తిరిగింది. కూలబడ్డాను. మజ్జిగంతా మట్టిపాలయింది. ఆదెమ్మ పరుగెత్తుకొచ్చి మొహాన నీళ్ళు చల్లింది. కోటేష్ కూడా వచ్చి చూశాడు. ఏం లేదండీ, ఎండదెబ్బ అని వచ్చినవాళ్ళకి చెప్పి, వెళ్ళి మళ్ళీ మైకు తీసుకున్నాడు.

సాయంత్రం నేను అంట్లు ముందేసుకుని కూర్చుంటే దగ్గరికొచ్చాడు.

"అంతమందిలో అట్లా పడిపోతే నన్నేమనుకుంటారు? ఇంట్లో మనిషిని చూసుకోలేనోడు ఊరికి చెప్తున్నాడనుకోరూ?"

"ఆపరేషన్ వద్దండీ," అన్నాను.

"డాక్టరుకంటే నీకెక్కువ తెలుసా?"

"నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. ఎందుకవుతుందో చూసినవాళ్ళు లేరు. ఆకు ముడుచుకుంటే గట్టుమీద కూర్చుని చూస్తారే, నన్నొక్కసారి అట్లా చూశారా?"

నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "చేనుకీ నీకూ పోలికేంటి? నీకు చెడు జరగాలని నేనెందుకు కోరుకుంటా?"

"కోరరు. అడగరు కూడా."

ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అతను మైకులో అబద్ధం చెప్పుంటే నాకింత మండేది కాదు. ప్రతి మాటా నమ్మే చెప్పాడు. అతని ప్రకృతిలో వానపాములున్నాయి, కప్పలున్నాయి, గట్టున గూడు కట్టుకున్న పిట్టలున్నాయి. అంట్లు తోముతున్న మనిషి మాత్రం లేదు. భూమిని తల్లీ అని పిలిచేశాక, ఇంట్లో ఉన్నదాని మాట వినే ఓపిక మిగల్లేదేమో.

తెల్లారి పొయ్యి వెలిగించలేదు. గుంటూరు వెళ్తున్నానని అత్తగారికి చెప్పి చిలకలూరిపేటలో బస్సెక్కాను. నసీమున్నీసా గుంటూరులోనే స్కూల్లో టీచరు. వాళ్ళింట్లో ఉండి ప్రభుత్వాసుపత్రికి తిరిగాను. పొడుగాటి లైన్లు, విసుగ్గా ఉన్న డాక్టరమ్మ. మీ ఆయన రాలేదా అంది. రాలేదు, చెప్పాల్సింది నేనేగా అన్నాను. ఎప్పుడు మొదలైందో, ఎంత పోతుందో, రక్తం గడ్డలుగా ఎలా పడుతుందో, ఎక్కడెక్కడ కళ్ళు తిరిగాయో అన్నీ చెప్పాను. నా ఒంటి సంగతి నా గొంతుతో వింటుంటే నాకే కొత్తగా ఉంది. ఆవిడ రాయడం ఆపి తలెత్తి చూసింది. రక్తపరీక్ష, స్కాన్ అన్నీ చేయించింది. గర్భసంచిలో చిన్న గడ్డ ఉందట. రక్తం బాగా తగ్గిపోయిందట. ముందు మాత్రలు వాడి చూద్దాం, తీయాల్సొస్తే అప్పుడు అన్నీ వివరంగా చెప్తాను, నువ్వే ఆలోచించుకుందువుగాని అంది. బరువులు మోయొద్దంది, పగలు కాసేపైనా పడుకోమంది.

ఆ రోజుల్లో కోటేష్ ఒకసారి ఫోన్ చేశాడు. డ్రమ్ములోకి బెల్లం ఎక్కడుందని అడిగాడు.

నేను తిరిగొచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. వరండాలోనే ఎదురొచ్చి ఏమన్నారని అడిగాడు. చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. నిజంగానే ఊపిరి పీల్చుకున్నాడు.

"పోన్లే, ప్రమాదమేం లేదుగా. ఒంగోలునుంచి ఆఫీసర్లు వస్తున్నారు, ఇంకో గంటలో ఇక్కడుంటారు. అమ్మొక్కతే చేసుకోలేకపోతుంది, కాస్త చూడు."

వంటింటి గడప దగ్గర చేటలో బియ్యం ఉన్నాయి. అత్తగారు నా చేతుల వైపు చూస్తున్నారు.

"నేను పడుకుంటున్నాను," అన్నాను.

"ఇప్పుడా?" అన్నాడు కోటేష్.

"ఇప్పుడే."

ఒంట్లో బాగాలేదా అమ్మాయ్ అని అడిగారు అత్తగారు. బాగాలేదంటే వదిలేసేవారే, ఆ మాత్రం సెలవు ఎప్పుడూ ఉంది. నాకు ఆ సెలవు అక్కర్లేకపోయింది.

"ఒంట్లో బాగానే ఉందత్తయ్యా. పడుకోవాలనుంది."

గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. బయట కారు ఆగింది, తలుపులు చప్పుడయ్యాయి, రండి రండి అంటున్న కోటేష్ గొంతులో నవ్వు అతికినట్టు లేదు. వంటింట్లో ఏదో మూత కిందపడి చాలాసేపు తిరిగి ఆగింది. ఎవరూ తీయలేదు. పొయ్యి వెలగని ఆ ఇంట్లో, పట్టపగలు, నేను నిద్రపోయాను.