అక్తౌలో రెండు రోజుల బావగారు

షల్కర్ నుంచి సముద్రం ఒడ్డునున్న అక్తౌకి వెళ్ళే రైలు ఎంత మెల్లగా నడుస్తుందంటే, మొన్న దారిలో ఒక ఒంటె మా పెట్టె పక్కనే నడుస్తూ కిటికీలోంచి నా రొట్టె తినేసి, రుచి బాగుందని ఇంకో ఒంటెను కూడా పిలుచుకొచ్చింది. నమ్మకపోతే నాతో వచ్చిన ఒరాజ్‌ని అడగండి. కాకపోతే వాడిప్పుడు అబద్ధాలు మానేశాడు, నా తరఫున సాక్ష్యం చెప్పడు.

ఎందుకు మానేశాడో చెబుతాను.

ఒరాజ్, నేను ఒకే ఏడాది పుట్టినవాళ్ళం. అరవై దాటాక వాడికి సముద్రం చూడాలని బుద్ధి పుట్టింది. అక్తౌ స్టేషన్ బయట, గది అద్దెకిస్తామని అట్టముక్కల మీద రాసి పట్టుకుని ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. వాళ్ళలో కాన్షాయిమ్ అనే ఆవిడ వెంట వెళ్ళాం. భర్త పోయాడు, కూతురు బల్జాన్‌తో ఊరి చివర ఉంటుంది. మాకిచ్చింది పెరట్లో రేకుల గది. అందులో మాంసం పెడితే పొయ్యి అక్కర్లేదు.

సాయంత్రం టీకి ఇంట్లోకి పిలిచింది. మామూలుగా అందరూ అడిగేదే తనూ అడిగింది.

"మీరే వంశం వారండీ?"

ఒరాజ్ చెప్పాడు. ఆవిడ నిట్టూర్చింది.

"మీకేం, చెప్పుకోడానికి బోలెడుమంది. మేము ఆదాయ్‌లం. మా ఆయన తాత కోషాన్ అని, కరువులో అయినవాళ్ళంతా పోతే ఒక్కడే మిగిలాడట. నేను ఈ ఇంటికొచ్చాక మా ఆయన తరఫు చుట్టం అంటూ ఒక్కరు గడప తొక్కలేదు. ఆదివారం పిల్లకి నిశ్చయం. మా వైపు కూర్చోడానికి పెద్దదిక్కు లేదు."

ఆవిడ కళ్ళు చూసి జాలిపడ్డానని ఒరాజ్ అంటాడు. రేకుల గది వేడి తప్పించుకోడానికని నేనంటాను. ఏదైతేనేం, వాడు టీ గిన్నె దభాలున కింద పెట్టాడు.

"కోషానా? ఆదాయ్ ఏంటమ్మా, ఆదాయ్‌లు పెంచారంతే! మా ముత్తాత బైంబెత్ ఆఖరి కొడుకు కోషాన్! ఎర్ర ఒంటె తప్పిపోతే వెతుక్కుంటూ సముద్రం వైపు పోయాడు, మళ్ళీ రాలేదు. ఆ ఒంటెంటే మాటలా? దాని రెండు మూపురాల మధ్య మా అవ్వ గుడారం వేసుకుని ఎండాకాలమంతా ఉండేది!"

నేను వాడి కాలు తొక్కాను. వాడు కాలు వెనక్కి లాక్కుని, ఆ ఒంటె మెడలో గంట మోత ఎన్ని ఊళ్ళకు వినిపించేదో కూడా చెప్పాడు.

కాన్షాయిమ్ తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది. "బావగారూ!" అంది. "నలుగురిలో చెప్పుకోడానికి నాకో బావగారున్నారు!"

మరునాడు, ఆదివారం నిశ్చయం విందుకని పెంచుకుంటున్న గొర్రె మా కోసం తెగింది. మా పడకలు ఇంట్లోకి వచ్చాయి. వీధిలోని ఆడవాళ్ళు వచ్చి బావగారిని చూసి వెళ్ళారు. పెద్దవాడికిచ్చే మర్యాదగా గొర్రె తలను పళ్ళెంలో పెట్టి ఒరాజ్ ముందుంచారు. వాడు పెద్దమనిషిలా చెవి కోసి బల్జాన్‌కిచ్చి, "పెద్దల మాట వినాలి, తల్లీ" అన్నాడు.

"వింటాను, పెదనాన్నా" అని ఆ పిల్ల నవ్వింది. "మరి మీరు సముద్రం ఎప్పుడు చూస్తారు?"

"అదెక్కడికి పోతుందే!"

ఆ భోజనానికే పెళ్ళికొడుకు తైమాస్‌ని పిలిచారు, మా పెద్దాయన్ని చూసిపొమ్మని. రేవులో పనిచేసే కుర్రాడు. రెండు చేతులూ చాచి నమస్కరించాడు. ఒరాజ్‌కి పెత్తనం తలకెక్కింది.

"ఏదీ, నీ ఏడు తరాల తండ్రుల పేర్లు చెప్పు, విందాం."

కుర్రాడు గడగడా మొదలెట్టాడు. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు. ఆ తర్వాత, "బైంబెత్" అన్నాడు. ఇంకా పైవాళ్ళ పేర్లూ చెప్పాడు. అవన్నీ ఒరాజ్ తాతముత్తాతలవే. బైంబెత్ కొడుకుల్లో ఒకాయన ఎప్పుడో ఎంబా వైపు వలసపోయాడు. ఈ పిల్లాడు ఆ కొమ్మవాడు. ఒరాజ్‌కి నిజమైన చుట్టం.

ఇక్కడ ఒరాజ్ మొహం చూడాల్సింది. నోట్లో మాంసం ఉంది, మింగడం మరిచిపోయాడు.

కాన్షాయిమ్ వేళ్ళ మీద లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. కోషాన్ బైంబెత్ కొడుకైతే పిల్లకూ పిల్లాడికీ ఏడు తరాల లోపలే మూలపురుషుడు ఒక్కడు. అంటే మాలో అన్నాచెల్లెళ్ళే, పెళ్ళి కూడదు. ఆవిడ టీ కూజా తీసి, తైమాస్ గిన్నెను అంచుదాకా నింపింది. మాలో చుట్టానికి గిన్నె సగమే పోస్తాం, మళ్ళీ మళ్ళీ పోయాలి కనుక. అంచుదాకా పోస్తే ఇక లేచి వెళ్ళమని.

కుర్రాడు ఆ గిన్నె వైపు చూశాడు. బల్జాన్ వైపు చూశాడు. నిలబడే తాగేసి వెళ్ళిపోయాడు. బల్జాన్ ఆ గిన్నె కడగడానికి వెళ్ళి, తిరిగి రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఒరాజ్‌ని సముద్రానికి లాక్కుపోయాను. నీళ్ళకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఒరే, సముద్రం అటు ఉందిరా."

"ఉండనీ."

"నీ ఎర్ర ఒంటె ఈదుకుంటూ వస్తోంది, చూడు."

తిట్టలేదు. వాడు తిట్టకపోతే నాకు భయం వేస్తుంది.

"ఆ తల నేను తిన్నానురా" అన్నాడు. "కళ్ళు కూడా తిన్నాను. రాత్రంతా ఆ పిల్ల గోడ అవతల పడుకోలేదు. వినిపించింది."

"దీనికింత ఏడుపెందుకు? ఇంకో కథ చెప్పు. కోషాన్ కన్నకొడుకు కాదు, బైంబెత్‌కి జీను సంచిలో దొరికాడను. రక్తం కలవదు, పెళ్ళి అయిపోతుంది. నువ్వు బావగారిగానే ఉంటావు."

వాడు ఆశపడ్డాడు, నాకు తెలుసు.

"వద్దు" అన్నాడు చివరికి. "తినడానికి తిండీ, పక్కన మనిషీ లేక మిగిలినవాడు ఆ కోషాన్. ఆయన కన్నతండ్రిని కూడా నేనెందుకు లాక్కోవాలి?"

ఇంటికెళ్ళేసరికి కాన్షాయిమ్ అప్పుడే ఎక్కడినుంచో వచ్చినట్టుంది, బూట్ల నిండా దుమ్ము. ఒరాజ్ గడప దాటకుండానే చెప్పాడు.

"అమ్మా, నేను మీ చుట్టాన్ని కాను. కోషాన్ పేరు నీ నోటే విన్నాను. ఒంటె కూడా లేదు. మీరు ఆదాయ్‌లే. పిల్లల పెళ్ళికి అడ్డం ఏమీ లేదు. నా నోటి దూల."

"గుడారం వేసుకున్న అవ్వ?"

"లేదమ్మా."

బల్జాన్ లోపలినుంచి పరుగున వచ్చింది. తల్లి మొహం చూడలేదు, మా మొహాలు చూడలేదు. ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

కాన్షాయిమ్ గుమ్మం మీద కూలబడింది.

"తైమాస్ మీవాడు. అంటే మీరు నాకు వియ్యాలవారు. రేపు రండి, ఆ వైపు కూర్చోండి. మా వైపు చోటు ఎప్పట్లాగే ఖాళీ." చివర్లో "అన్నయ్యగారూ" అని కలిపింది. బావగారు పోయి వచ్చిన ఆ పిలుపు ఒరాజ్‌కి చెంపదెబ్బలా తగిలింది.

"గొర్రె..." అని నసిగాడు వాడు.

"గొర్రెదేముంది! పొద్దున్నే మా ఆయన సమాధి దగ్గరికి వెళ్ళొచ్చాను. బతికున్నన్నాళ్ళూ ఏ పెళ్ళికెళ్ళినా నా వాళ్ళెవరంటూ ఓ మూల కూర్చునేవాడు. నీ వాళ్ళొచ్చారు, తలుపు తట్టి మరీ వచ్చారు అని చెప్పాను. పిల్ల పెళ్ళి ఆగినా ఫర్వాలేదులే, నీకు అన్న దొరికాడు అని కూడా అన్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మీరే వెళ్ళి చెప్పండి."

దారి చెప్పింది. వెళ్ళాం.

సమాధుల దిబ్బ మీద గాలి మా టోపీలు నిలవనివ్వలేదు. తెల్లరాయి మీద పేరు చదివి ఒరాజ్ మోకరిల్లాడు, అరచేతులు చాచి ప్రార్థన చేశాడు. ఆ తర్వాత "తమ్ముడూ" అని ఆగిపోయాడు. మళ్ళీ "బాబూ" అన్నాడు. అదీ కుదరలేదు. ఎవరి సాయమైనా కావాలన్నట్టు నా వైపు తిరిగాడు. ఏ కూతకైనా ఎగతాళి సిద్ధంగా ఉండే నేను, టోపీ పట్టుకుని తల వంచుకున్నాను.

చివరికి వాడు రాయికి దగ్గరగా జరిగి, "అయ్యా, నేను ఎవరో దారిన పోయేవాణ్ణి" అని మొదలుపెట్టాడు.