పచ్చికాయల తూకం

నేను ఒక ఇనుప కాటాను. రాయలసీమలో ఓ వేరుశనగ పరిశోధనా క్షేత్రంలో ఇరవై రెండేళ్ళుగా కాయలు తూచి తూచి విసిగిపోయాను.

హైదరాబాదు షెడ్డులో పుట్టి లారీలో ఇక్కడికొచ్చాను. నా మొదటి యజమాని పినాకపాణి సారు. విత్తనాలకు ఒక పొడి పట్టిస్తే దిగుబడి పెరుగుతుందని ఆయన నమ్మకం. కాయలు పీకే వేళకు పెద్దాఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. ఇంకేముంది! పొడి పట్టించిన మడుల కాయలు అప్పటికప్పుడు పీకించి, తేమ ఆరకముందే నా మీద పోసి ఫొటోలు దిగారు. మామూలు మడుల కాయలేమో వారం ఎండాక తూచారు. పచ్చివి ఎండాక మళ్ళీ తూచాలని ఎవరికీ గుర్తు లేదు. ఆ రెండు అంకెలూ పుస్తకంలో పక్కపక్కనే ఎక్కాయి.

దిగుబడి మూడో వంతు పెరిగిందని వ్యాసం అచ్చయింది. సారుకు శాలువాలు కప్పారు. జిల్లా అంతా పొడి వాడమన్నారు.

ఆయన రిటైరయ్యాక హసీనా మేడమ్ వచ్చింది. పాత పుస్తకంలో తూకం తేదీలు చూసి ఉలిక్కిపడింది. అదే ప్రయోగం మళ్ళీ చేస్తాను, నిధులివ్వండని అడిగింది.

"తేలిపోయినదానికి మళ్ళీ డబ్బెందుకమ్మా? కొత్తదేదైనా చెయ్యి, ప్రమోషనన్నా వస్తుంది," అన్నాడు నిధులిచ్చే కమిటీ పెద్ద.

ఏటా ఇదే పాట. సంతలో కిలో వంకాయలు రెండుసార్లు తూయించుకునే మనుషులే వీళ్ళు!

ఐదో ఏడు ఎలాగో కొద్దిపాటి నిధులిచ్చారు. ఆమె నాలుగు ఊళ్ళలో, మూడేళ్ళు పంట వేసింది. కాయలన్నీ ఒకేలా ఎండబెట్టి తూచింది. నా నడుం విరిగింది. పొడి ఉన్నా లేకున్నా తేడా ఏమీ లేదు. ఈలోగా ప్రమోషన్ ఆమె వెనకొచ్చినవాళ్ళకు దక్కింది. ఫలితాలు తేలిన రోజు ఆ కాగితం పట్టుకుని ఆమె నా పక్కనే కూలబడింది.

విత్తనాలకోసం వచ్చిన రైతు ఓబులేసు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఓబులేసన్నా, ఆ పొడితో లాభం లేదని తేలింది. ఇన్నేళ్ళూ మీచేత అనవసరంగా వాడించాం. ఇకనైనా మానెయ్యండి," అందామె తల దించుకుని.

ఓబులేసు ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"రెండేండ్లు ఆ పొడి కలిపి సూసినాం మేడం. ఏం లాభం ల్యాక మానుకున్యాం. పదేండ్లాయ. పినాకపాణి సారు నొచ్చుకుంటాడని ఎవురూ చెప్పలా."

మేడమ్ లేచి కుర్చీ అతనివైపు జరిపి, పెన్ను మూత తీసింది.

"కూర్చో అన్నా. ఇంకా ఏమేం చెప్పలేదు మాకు?"