పోలమ్మ గొంతు కొలిచిన మీటరు

నేను ఒక శబ్దాన్ని కొలిచే మీటరును. అరచేతిలో ఇమిడే ఒళ్ళు, స్పంజు తొడిగిన చెవి, ముఖాన అంకెలు. నన్ను తయారు చేసింది యంత్రాల రొద కొలవడానికి. ఒక జనపనార మిల్లులో కొన్నేళ్ళు పనిచేశాను. నేను ఎంత పెద్ద అంకె చూపినా మేనేజరు నన్ను జేబులో వేసుకుని వెళ్ళిపోయేవాడు. మనుషులు కొలుస్తారు గానీ వినరని అక్కడే తెలిసింది. మిల్లు మూతపడ్డాక విశాఖపట్నంలో హిమజ అనే స్పీచ్ థెరపిస్టు బల్ల మీదికి చేరాను.

పార్కిన్సన్స్ జబ్బుతో గొంతు సన్నబడినవాళ్ళు ఆమె దగ్గరికి వస్తారు. అలాగే పోలమ్మ వచ్చింది. చేపల రేవులో వేలంపాట పాడిన మనిషి. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, మాట పెదవి దాటడం లేదు. గొంతు తగ్గిన కొత్తలో మరిది దానయ్య పక్కన నిలబడి ఆమె మాటను పైకి చెప్పేవాడు. పోనుపోను ఆమె అననివి కూడా చెప్పసాగాడు. చివరికి రేవులోని మత్స్యకారుల సంఘం మీటింగులో, "మా వొదిన పాట నాకొదిలేస్తానంతంది" అన్నాడు. ఆమె "నేదు" అంది. ఎవరికీ వినిపించలేదు; పాట దానయ్య చేతికి పోయింది.

"నాను గట్టిగానే అన్నాను తల్లీ. ఆలకే సెవుడు" అంది హిమజతో.

హిమజ నన్ను చూపించింది. అంకె మరీ చిన్నది.

"ఇది అబద్దాలాడతంది" అంది పోలమ్మ, నేను దానయ్య మనిషినన్నట్టు నన్ను చూస్తూ.

"ఈ జబ్బులో మీ గొంతు మీకు పెద్దగానే అనిపిస్తుందమ్మా. అరుస్తున్నానని మీకు అనిపించినప్పుడే ఎదుటివాళ్ళకు మామూలుగా వినిపిస్తుంది."

ఊపిరి నిండా పీల్చి "ఆ" అని సాగదీయడంతో సాధన మొదలైంది. తర్వాత ఇంట్లో రోజూ వాడే మాటలు చెప్పమంది హిమజ. అందరూ "టీ కావాలి", "తలుపు వెయ్యి" అంటారు. పోలమ్మ ఎంచుకున్నవి వేరు. "దానయ్యా, నోరు ముయ్యి." "నా పాట నాదే." "నీకు సిగ్గు నేదురా." హిమజ నవ్వు ఆపుకుంది, వద్దనలేదు. ఆ పేరు ఎత్తగానే నా అంకె ఎగబాకేది. ఒకనాడు గొంతు బొత్తిగా జారిపోయింది. కోపంతో నన్ను బోర్లా పెట్టేసింది. కాసేపటికి తనే తిప్పి, మళ్ళీ "ఆ" అంది.

బయట జనంలో గొంతు నిలుస్తుందో లేదో చూద్దామని హిమజ నన్ను తీసుకుని రేవు షెడ్డులో జరిగే సంఘం మీటింగుకు వచ్చింది. దానయ్య లేచి, "వొదిన ఏటంతందంటే" అని మొదలుపెట్టాడు.

"నేదు" అంది పోలమ్మ.

షెడ్డులో అందరూ ఆమె వైపు తిరిగారు. 

"ఈడు సెప్పింది నాను సెప్పనేదు. పాట నాదే. ఆ దినం కూడా నేదనే అన్నాను."

"మెల్లగా వొదినా, అందరికీ ఇనపడతంది."

"ఇనాలనే."

సంఘం పెద్దాయన దానయ్యను కూర్చోమన్నాడు. మర్నాటి నుంచి పోలమ్మే పాట పాడింది. దానయ్యను పంపెయ్యలేదు. గంపలు మోసే పనికి పెట్టింది. తెల్లారగానే రేవంతా వినేలా ఆమె పిలిచే మొదటి పేరు అతనిదే.

సాధన మానేస్తే గొంతు మళ్ళీ పడిపోతుంది. అందుకే ఆమె ఇంకా వస్తోంది.

"అనుకున్నది సాధించారు కదమ్మా, కోపం తీరిందా?" అని హిమజ అడిగింది.

పోలమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "ఆడు బతికున్నన్నాళ్ళూ నా మాట ఆడి సెవిన పడాల. ఊఁ, మొదలెట్టు తల్లీ."