గొల్లభామ కంట్లో నల్లచుక్క

నేను ఒక కెమెరా లెన్సుని. అదీ తిరగేసి తగిలించిన లెన్సుని. లోకాన్ని చూడాల్సిన నా ముఖం కెమెరా పెట్టెలోకీ, పెట్టెలో దాక్కోవాల్సిన నా వీపు లోకంలోకీ ఉంటాయి. ఇలా తిప్పితే చీమ తలకాయ కూడా గుమ్మడికాయంత కనిపిస్తుందని కనిపెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు. దొరికితే ఆయన్నీ ఒక పూట తలకిందులుగా వేలాడదీసి, ఎలా ఉంది నాయనా అని అడుగుతాను.

నేను పుట్టింది జపానులో. తెల్లని చేతితొడుగులు వేసుకున్న మనుషులు నా గాజుబిళ్ళల్ని పసిపాప చెంపల్లా తుడిచి, గొట్టంలో కూర్చి, మెత్తటి పెట్టెలో పెట్టి సాగనంపారు. ఓడ దిగి, చేతులు మారి, రాజమండ్రిలో ఒక స్టూడియో యజమాని దగ్గర తేలాను. ఆయన చేతిలో నేను చూసినన్ని తలంబ్రాలు ఏ పురోహితుడూ చూసి ఉండడు. ఎదురుగా ఫ్లాష్ కొట్టి నల్లపిల్లని తెల్లగా చూపించడం, పొట్టి పెళ్ళికొడుకుని పీటెక్కించి నడుం దాకానే తీయడం అక్కడే నేర్చుకున్నాను. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు కదా, అందులో నా వాటా తక్కువేమీ కాదు.

ఆ యజమాని దుకాణం మూసేస్తూ నన్ను తన శిష్యుడు పెంకే తాతబ్బాయి చేతిలో పెట్టాడు. తాతబ్బాయి మండపేటలో స్టూడియో తెరిచాడు. ఫొటో తీసేది తాతబ్బాయి, ఫొటోలో మచ్చ తీసేది ఆయన భార్య నాగవేణి. ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుందంటే మొటిమ, గాటు, పుట్టుమచ్చ, మెల్లకన్ను అన్నీ మౌస్ దెబ్బకి మాయం. ఆ ఇంటికి ఒక నియమం కూడా ఉంది. పెళ్ళిచూపులకి పంపే ఫొటో బాగుచేశాక, మచ్చతో ఉన్న అసలు ఫొటోని ఆనవాలు లేకుండా చెరిపేయాలి. ఫొటోకొచ్చిన పార్టీ గుట్టు మన పెట్టెలో ఉండకూడదన్నది నాగవేణి మాట. ఆ నమ్మకం మీదే ఊళ్ళో ఆడపిల్లల తల్లులంతా ఆ మెట్లెక్కేవారు.

కొత్త లెన్సులు రాగానే నేను బియ్యం డబ్బాలోకి పోయాను. బియ్యంలో ఉంటే లెన్సుకి బూజు పట్టదట. బూజు మాట ఎలా ఉన్నా, పురుగులతో నా సహవాసం అక్కడే మొదలైంది.

ఒకరోజు సుభాషిణిగారని, పురుగుల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త, పాస్‌పోర్టు ఫొటోకి వచ్చింది. రైతుల కోసం ఒక బొమ్మల పుస్తకం వేస్తున్నామనీ, అందులో పురుగుల కళ్ళు ఒక్కోటీ రకరకాల వెలుతురులో కనిపించాలనీ చెప్పింది. సెల్‌ఫోన్లతో అయ్యే పని కాదట.

"ప్రతి బొమ్మ కిందా మీ పేరు వేస్తామండీ. చివరి పేజీలో మీ ఫొటో కూడా" అంది.

తాతబ్బాయి కుర్చీ ఆవిడ ముందుకి జరిపాడు. పెళ్ళి ఆల్బంలో వంటవాడితో సహా అందరూ ఉంటారు, తీసినవాడు తప్ప. జుట్టు నెరిసేదాకా ఫొటోలు తీసినా ఆయన పేరు ఏ కాగితం మీదా అచ్చుకాలేదు. ఆ ఒక్క ముచ్చటా తీరితే చాలనుకున్నాడు పాపం. వెంటనే నన్ను బియ్యంలోంచి తవ్వి తీసి, ఒక రింగు బిగించి, వెనక్కి తిప్పి తగిలించాడు.

మొదటి పార్టీ జోరీగ. అలవాటు కొద్దీ ఎదురుగా ఫ్లాష్ కొట్టాడు. కన్ను తడిసిన నేరేడుగింజలా, మధ్యలో తెల్లటి మెరుపుతో వచ్చింది. పక్కనుంచి కొడితే కంటినిండా తేనెపట్టు గళ్ళు లేచాయి. ఆల్బం పేజీల మధ్య వేసే బటర్ పేపరు ఫ్లాష్‌కి అడ్డంకట్టి కొట్టేసరికి, అదే మురికి ఈగ కంట్లో పచ్చా బంగారు చారలు విచ్చుకున్నాయి. ఎంతమంది పెళ్ళికూతుళ్ళని చూశానో, అంత అందమైన కన్ను నేను చూడలేదు. నిజం చెప్పడానికి నాకేం మొహమాటం?

అయితే ఈగలు పెళ్ళివారిలా మాట వినవు. నన్ను తిరగేశాక దూరం సరిచూసుకోవాలంటే మనిషే ఊపిరి బిగపట్టి ముందుకీ వెనక్కీ ఊగాలి. తాతబ్బాయి బొజ్జ అడ్డంపడుతూ ఊగేవాడు. ఒకసారైతే ఈగతో "కొంచెం నవ్వమ్మా" అనేశాడు కూడా. ఎలాగైతేనేం, తూనీగ, తేనెటీగ, మిడత అయ్యాయి. ఆఖరున మందార కొమ్మ మీద, నమస్కారం పెట్టినట్టు ముంగాళ్ళు ముడుచుకున్న గొల్లభామ దొరికింది. లేతాకుపచ్చ కళ్ళు, ఒక్కో కంట్లో చిన్న నల్లచుక్క. అట్ట మీద వేసే బొమ్మ ఇదేనని సుభాషిణిగారు ముందే చెప్పింది.

ఫొటోలన్నీ నాగవేణి దగ్గరికి వెళ్ళాయి. రేపు ప్రెస్సుకి పంపాలనగా సుభాషిణిగారు వచ్చి తెర ముందు కూర్చుంది. చూస్తూ చూస్తూ ఆవిడ ముఖం మారిపోయింది.

"ఇదేంటండీ, గొల్లభామ కంట్లో చుక్క ఏదీ?"

"నేనే తీసేశానండి" అంది నాగవేణి సంబరంగా. "మెల్లకన్నులాగుందండి, అదోచూపూ ఇదోచూపూను. శుబ్బరంగా తుడిచేశాను. ఆ జోరీగని కూడా కాత్త తెల్లబరిచానండి."

సుభాషిణిగారు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అది మచ్చ కాదమ్మా. ఆ కన్ను వేల చిన్నకళ్ళ గుత్తి. తిన్నగా మనవైపు తిరిగిన కళ్ళు వెలుతురుని మింగేసి నల్లగా కనపడతాయి. మనం ఎటు జరిగితే చుక్క అటే వస్తుంది. పోనీ, అసలు ఫొటోలు ఇవ్వండి."

"ఉంటాయేంటండీ? ఎప్పుడో చెరిపేశాను."

"ఎందుకు చెరిపావే?" అన్నాడు తాతబ్బాయి, తెర ముందుకి వంగి.

"బాగుందండీ! పార్టీ గుట్టు ఎప్పుడైనా ఉంచానేంటి?"

"పార్టీ ఎవత్తే? గొల్లభామా?"

"అదీ ఆడదేగా అండి."

సుభాషిణిగారికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. జోరీగ తెలుపూ మిగతా లోపాలూ ప్రెస్సులో సరిచేయించుకుంటాననీ, అట్ట మీది గొల్లభామ మాత్రం రేపు మధ్యాహ్నానికి రాకపోతే, కొన్న బొమ్మ ఏదో వేయాలనీ, తుడవని ఫొటో ఒక్కటీ ఇవ్వని ఫొటోగ్రాఫరు పేరు అక్కడా లోపలా వేయనివ్వరనీ చెప్పి వెళ్ళింది. తాతబ్బాయి ఆ పూట అన్నం ముట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు కూడా. నాగవేణి పప్పులో ఉప్పు రెండుసార్లు వేసి, తనూ తినకుండా లేచిపోయింది.

తెల్లవారగానే ఇద్దరూ గొల్లభామ కోసం బయల్దేరారు. మందార కొమ్మ ఖాళీ. కరివేపాకు చెట్టు ఖాళీ. పక్కింటి బెండమొక్కలు వెతికి, వాళ్ళ చేత చీవాట్లు తిని, ఉసూరుమంటూ తిరిగొచ్చేసరికి స్టూడియో ఫ్లెక్సీ మీది పెళ్ళికూతురి నుదుటిమీద, పాపిటబిళ్ళ పెట్టే చోట, కూర్చుని ఉంది మహాతల్లి.

పుల్లతో దించారు. లైటు పట్టుకోవడానికి ఎవరూ లేక నాగవేణే బటర్ పేపరు కట్టిన లైటు పట్టుకుంది. ఆవిడ ఇన్నేళ్ళలో తెర మీద తప్ప ఎవరినీ ఇంత దగ్గరగా చూడలేదు. లైటు ఎడమకి జరిపితే మెరుపు ఎడమకి జరిగింది, కుడికి జరిపితే కుడికి వచ్చింది. నల్లచుక్కలు మాత్రం కదల్లేదు. తను పక్కకి జరిగిందో లేదో, అవీ పక్కకి వచ్చేశాయి.

"ఏవండీ, ఇది నన్నే చూత్తందండి" అంది, లైటుతో సహా వెనక్కి జరుగుతూ. "దీని కళ్ళా నేను తుడిచేసింది?"

"కదలకే, నీకు పుణ్యముంటుంది" అన్నాడు తాతబ్బాయి ఊపిరి బిగపట్టి.

ఆవిడ ఏడుపు దిగమింగుకుని, మళ్ళీ ముందుకొచ్చి లైటు బిగించి పట్టుకుంది. వెలుతురు వెన్నలా పరుచుకుంది. నా తిరగబడ్డ గాజులోంచి ఆ ఆకుపచ్చ కళ్ళు, ఆ చుక్కలు నన్నూ చూశాయి. క్లిక్. మరుక్షణం గొల్లభామ ఎగిరి నా మీదే వాలి, తాతబ్బాయి ముక్కు మీదుగా వెళ్ళిపోయింది. ఫొటో మాత్రం పడింది. నాగవేణి దాన్ని ముట్టుకోకుండా మౌస్‌ని దూరంగా నెట్టేసి, తాతబ్బాయిచేతే పంపించింది.

సాయంత్రం సుభాషిణిగారు ఫోన్ చేసి బొమ్మ అద్భుతంగా ఉందంది. చివరి పేజీకి ఆయన ఫొటో వెంటనే పంపమంది. తాతబ్బాయి చొక్కా మార్చి, నీలం తెర ముందు కూర్చుని తీయించుకున్నాడు. తెర మీద చూసుకుని కాసేపు నసిగాడు.

"వేణీ, కళ్ళ కింద ఆ సంచులు కాత్త... ఆ బట్టతల కూడా..."

నాగవేణి మౌస్ వంక చూసింది, మొగుడి వంక చూసింది.

"గొల్లభామకి లేని సిగ్గు మీకేంటండీ?" అని ఉన్నదున్నట్టు పంపేసింది.

పుస్తకం వచ్చింది. అట్ట మీద గొల్లభామ, కింద అచ్చులో 'ఫొటో: పెంకే తాతబ్బాయి'. నేనిప్పుడు స్టూడియో గాజు బీరువాలో, తిరగేసినట్టే ఉన్నాను. బూజు కూడా మొదలైంది, అయినా బాధ లేదు. రోజూ ఇక్కణ్ణించి ఒక వినోదం చూస్తుంటాను. మెట్లెక్కిన ప్రతివాడికీ తాతబ్బాయి ఆ పుస్తకం తెరిచి ప్రతి బొమ్మ కిందా తన పేరు వేలుపెట్టి మరీ చూపిస్తాడు. చివరి పేజీ వచ్చేసరికి మాత్రం బొటనవేలు తన ఫొటోకి అడ్డం పెడతాడు.