ఎర్రబడ్డ పన్నెండు వరసలు

వైన్ సీసా మీద రోక్కసెర్వా అనే ఊరి పేరు వేసుకోవాలంటే తోటలో నెబ్బియోలో అనే రకం తప్ప ఇంకో ద్రాక్ష ఉండకూడదు. నియమం రాసింది రైతుల కూటమి అధ్యక్షుడు గ్వాల్తియేరో. ప్రతి సభలోనూ దాన్ని పాదిరి గారు ప్రార్థన చదివినట్టు చదివేవాడు.

ఎవాసియో తోటలో వాళ్ల నాయనమ్మ తినడానికని నాటుకున్న తెల్లద్రాక్ష మొక్కలు ఏడున్నాయి. ఆ ఏడూ కూటమి ఇన్‌స్పెక్టరు కంట్లో పడ్డాయి. వేసవిలో ఉత్తరం వచ్చింది, తోటను ఆ పేరు వాడుకునే తోటల పట్టికలోంచి తీసేశామని. ఇరవై ఏడేళ్లు ఆ పేరుతో సీసాలు నింపిన మనిషి ఇక తన వైన్‌ని ఉత్త ఎర్ర వైన్ అని డబ్బాల్లో పోసి అమ్ముకోవాలి.

"ఆ ఏడూ పీకేస్తే పోలా?" అంది భార్య దెల్ఫీనా.

"అలాగే. నాయనమ్మను కూడా సమాధిలోంచి పీకేద్దాం."

నవంబరులో ఆకులు పండాయి. ఎవాసియో చర్చి అరుగు మీద నిలబడి ఎదుటి కొండ చూశాడు. నెబ్బియోలో ఆకు పసుపు తిరుగుతుంది, వైన్‌కి చిక్కటి రంగిచ్చే బార్బెరా ద్రాక్ష ఆకు ఎర్రబడుతుంది. ఆ పసుపు నడుమ అధ్యక్షుడి తోటలో పన్నెండు వరసలు నిప్పుల్లా ఉన్నాయి. ఆయన వైన్‌కి అంత రంగు, అన్ని పతకాలు ఊరికే రాలేదు. ఊళ్లో అందరికీ కళ్లున్నాయి. కాకపోతే నవంబరులో అందరూ తల దించుకుని నడుస్తారు. నిరుటి దాకా ఎవాసియో కూడా అంతే.

ఫొటో తీసి ఇన్‌స్పెక్టరుకు చూపించాడు.

"ఈ ఏడాది ఎండ ఎక్కువండీ," అన్నాడాయన.

"ఎండ పన్నెండు వరసలు లెక్కపెట్టుకుని మరీ కాసిందా?"

"కాస్త మెల్లగా మాట్లాడండి. అవతల జనం ఉన్నారు."

సరే, జనం ముందే తేల్చుకుందామని ఎవాసియో ఫొటో కోటు జేబులో పెట్టుకుని కూటమి సభకు వెళ్లాడు.

గ్వాల్తియేరో లేచి గొంతు సవరించుకున్నాడు. "మన తాతలు బార్బెరా కలపలేదా చెప్పండి. సంప్రదాయం నిలబడాలంటే నియమం కొంచెం వంగాలి. ఇకమీదట నూటికి పదిహేను మొక్కలు వేరే రకం ఉండొచ్చు." సరిగ్గా తన పన్నెండు వరసలు పట్టేంత. "చిన్న చిన్న తప్పులకు పేరు పోగొట్టుకున్నవాళ్లను ఈ పంట నుంచే మళ్లీ చేర్చుకుందాం."

ఆయన ఎవాసియో వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు.

"ఏదో చెబుతానని వచ్చావుగా, చెప్పవేంరా?" అని పక్కనున్న ప్రిమో మోచేత్తో పొడిచాడు.

"గొంతు బాగాలేదు."

"ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తండి," అన్నాడు గ్వాల్తియేరో.

ఎవాసియో కుడిచెయ్యి జేబులో ఫొటోను నలుపుతూ ఉంది. ఎడమచెయ్యి ఎత్తాడు. ఆ గదిలో అన్నిటికన్నా ముందు లేచిన చెయ్యి అదే. గ్వాల్తియేరో దాన్ని చూసి, "ఒకటి," అని లెక్క మొదలుపెట్టాడు.