గుటక

బియ్యం మెత్తగా ఉడికించి, పప్పుకట్టు కలిపి, మెదిపి, దాన్ని పలచటి గుడ్డలో వడగట్టేసరికి మాబున్నికి పొద్దెక్కిపోయేది. అప్పుడు ఆర్షియాను ఒళ్లో వేసుకుని కూర్చునేది. తొమ్మిదేళ్ల బిడ్డకు మెడ నిలవదు. ఎడమ మోచేతి మడతలో తల ఆనించుకుని, కుడిచేత్తో చెంచాడు నోట్లో పెట్టి, అదే చేతి వేలు బిడ్డ గొంతు మీద ఉంచి ఎదురుచూసేది. వేలి కింద గుటక కదిలితే ఇంకో చెంచా. కదలకపోతే ఆగాలి. పొద్దున మొదలుపెట్టింది ముగిసేసరికి మధ్యాహ్నపు వంట వేళయ్యేది.

"మా కోడలికుండే ఓపిక ఇంగెవరికీ రాదుమే, తల్లంటే అదీ!" అని ఆమె అత్త ఖాతూన్‌బీ వాకిట్లో కూర్చుని వీధిలో పోయేవాళ్లందరికీ చెప్పేది. మొదట్లో ఆ మాట వింటే మాబున్నికి కడుపు నిండేది. పెళ్లికి ముందు నుంచీ చేస్తున్న బడి పంతులమ్మ పని మానేసిందీ, సింహాద్రిపురంలో పుట్టింటి పెళ్లిళ్లకు పోకుండా ఉండిపోయిందీ ఆ మాట కోసమే. పోనుపోను అర్థమైంది, మెచ్చుకోలు కూడా తలుపు గడియ లాంటిదేనని, అది బయటి నుంచి పడుతుందని. మొగుడు షాహుల్ కువైట్‌లో డ్రైవరు. ఫోన్లో ముఖం కనపడగానే "బిడ్డ తిన్న్యాదా?" అనేవాడు. తిన్నదంటే "సరే" అని వేరే మాటల్లోకి పోయేవాడు.

ఆర్షియా పుట్టినప్పుడు ఏడవలేదు. తర్వాత నవ్వనూ లేదు. కాకపోతే పుట్టింటి నుంచి చీనీకాయలు, అదే బత్తాయిలు, వచ్చినప్పుడు రసం నాలుకకు తగిలితే కళ్లు పెద్దవి చేసి "ఊ" అనేది. ఆ బిడ్డ లోకంతో అన్న మాట అదొక్కటే.

ఆ ఏడు వానాకాలంలో బిడ్డకు మళ్లీ న్యుమోనియా వచ్చింది. ముద్దనూరు నుంచి ఆటోలో వేసుకుని ప్రొద్దుటూరుకు పరిగెత్తింది. పిల్లల డాక్టరు పద్మశ్రీ జ్వరం దిగేదాకా ఏమీ అనలేదు. దిగాక కూర్చోబెట్టి చెప్పింది.

"అమ్మా, నువ్వు పెట్టేదాంట్లో కొంత ఊపిరితిత్తుల్లోకి పోతాంది. ఈసారి బయటపడింది. ప్రతిసారీ బయటపడుతుందని చెప్పలేను."

"గుటక చూసుకునే పెడ్తా మేడం."

"గుటక పడినా లోపల పక్కకు జారుతుంది. దగ్గు కూడా రాదు. నీ తప్పు కాదు." తిరుపతిలో పొట్టకు చిన్న రంధ్రం చేసి ట్యూబు పెడతారని, ఈ బిడ్డకు మత్తు ఇవ్వడం కూడా ప్రమాదమేనని, ఆ తర్వాత నోటికేమీ పెట్టకూడదని ఆమె దాచకుండా చెప్పింది.

"ఒక చుక్క చీనీ రసం?"

డాక్టరు తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడైతే అదీ వద్దు."

తిరుగు బస్సులో మాబున్ని బిడ్డను ఒళ్లో వేసుకుని కిటికీకి తల ఆనించి కూర్చుంది. ఆమెకు మొదట వచ్చిన ఆలోచన బిడ్డది కాదు, తనది. ట్యూబులో పాలు పోస్తే ఎంతసేపు పడుతుంది? మిగతా పొద్దంతా ఏం చేసుకోవచ్చు? ఆ వెంటనే సిగ్గేసింది. బిడ్డకున్న ఒకే ఒక్క రుచిని లాక్కుని తను తీరిక కొనుక్కుంటుందా? అలాగని ట్యూబు పెట్టించకపోతే? ప్రేమగా పెట్టిన ప్రతి ముద్దా బిడ్డ ఊపిరికి అడ్డం పడుతుంటే దాన్ని ప్రేమ అని ఎట్లా అనుకోవడం? నొప్పి వస్తే నొప్పి అని చెప్పలేని బిడ్డ తరఫున ఎవరు మాట్లాడినా తమ మాటే మాట్లాడతారు కదా, తానైనా అంతే కదా అనుకుంది. ఎర్రగుంట్ల దాటినా ఆ ఆలోచన తెగలేదు.

ఇంట్లో చెప్పగానే ఖాతూన్‌బీ లేచింది. "నోరుండంగా పొట్టకు బొక్క పెట్టిచ్చేదేందిమే? చేసీ చేసీ నీకు యాష్టొచ్చిందని చెప్పు. దానికి డాక్టరమ్మను అడ్డం పెట్టుకోవాకు."

షాహుల్ ఫోన్లో "నేనొచ్చినాంక చూద్దాంలే" అన్నాడు. సెలవు మీద వచ్చాడు. వచ్చిన నాలుగో రోజు సాయంత్రం, మాబున్ని బిడ్డకు గిన్నె కలుపుతుంటే వంటింట్లోకి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఒగ మాట చెప్తా, కోపం చేసుకోవాకు. ఇట్లే నోటితో పెడ్తాంటే ఎన్నాళ్లుంటాది? అల్లా ఎప్పుడో పిల్చుకుంటాడు. ట్యూబు పెడ్తే ఇంగా శానా ఏండ్లుంటాది. మనం పోయినాంక దాన్నెవరు చూస్తారు?"

అతని కళ్లలో నీళ్లున్నాయి. క్రూరుడు కాడు. ఆ ఆలోచన ఆమెకు రాలేదా అంటే, వచ్చింది. ఆసుపత్రిలో బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే, ఇంక చాలు, తీసుకుపో అల్లా అని తనూ అనుకుంది. అందుకే అతన్ని తిట్టలేకపోయింది.

"అత్తకు గూడా తెల్సునా ఈ మాట?"

షాహుల్ నేల చూశాడు. "అమ్మే అనింది."

మాబున్ని చేతిలో చెంచా ఆగిపోయింది. వాకిట్లో వినపడిన మెచ్చుకోళ్లన్నీ ఒక్కసారిగా వేరే అర్థంతో చెవిలో పడ్డాయి. బిడ్డ పోవాలని ఇంట్లో అందరికీ ఉంది. చెయ్యి మాత్రం తనది కావాలి. ఆ చేతికి తల్లి చెయ్యి అని పేరు.

గిన్నె తీసి అతని ముందు పెట్టింది. "ఈ పూట నుంచి నువ్వు పెట్టు మామా."

"నాకు చాతకాదు గదా."

"చాతనయ్యేకి ఏముంది? నోట్లో పెడ్తే సాలు. మిగతాది అదే అయితాది, నువ్వు చెప్పినట్ల."

అతను గిన్నె ముట్టుకోలేదు. లోపల బిడ్డ ఆకలికి మూలుగుతోంది.

"అది బతికేది మేలో పోయేది మేలో నాకు తెలీదు," అంది మాబున్ని. "నిజంగా తెలీదు. నా ముద్దతో మాత్రం పోగూడదు. పోయేదే మేలని మీరనుకుంటే ఆ మాట డాక్టరమ్మ ముందర కూర్చోని అందరం నోరు తెరిచి అనుకుందాం పా. రావు గదా?"

అతను రాలేదు. ఆమె బిడ్డతో తిరుపతికి బయల్దేరిన రోజు ముద్దనూరు స్టేషన్లో బ్యాగు మాత్రం రైల్లో పెట్టి, బిడ్డ తల నిమిరి దిగిపోయాడు. తిరుపతిలో సంతకం ఆమె ఒక్కతే పెట్టింది. తలుపు మూసుకున్నాక, బిడ్డ మత్తులోనే పోతే ఏమిటన్న ప్రశ్నను పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

బిడ్డ బయటికొచ్చింది. రెండు రోజులు నొప్పికి సన్నగా మూలిగింది. మూడో రోజు నర్సు ట్యూబులో పాలు పోయడం నేర్పింది. పది నిమిషాల్లో అయిపోయింది. మాబున్ని తన రెండు చేతుల వంకా చూసుకుంది. వాటితో ఏం చేయాలో తోచలేదు. ఆకలేసింది. కింద క్యాంటీన్‌కు పోయి అన్నం, సాంబారు పొట్లం కట్టించుకుని వచ్చి మంచం పక్కన విప్పింది.

సాంబారు వాసనకు ఆర్షియా నోరు తెరిచింది. నాలుక బయటికొచ్చి చెంచా కోసం వెతికింది. కడుపు నిండిన బిడ్డ, రుచి కోసం వెతుకుతోంది. మాబున్ని చెయ్యి తనంతట తానే కదిలి, సగంలో ఆగింది. బిడ్డ నోరు చాలాసేపు తెరిచే ఉంది. ఆమె ముఖం తిప్పుకోలేదు. బిడ్డ వంక చూస్తూనే ముద్ద కలిపింది. మింగింది.

ఫోను మోగింది. ఖాతూన్‌బీ. "నోటికి ఒగ చుక్కన్నా పెట్న్యావా, ల్యాదా? అంత రాయి మనసు ఎట్లొచ్చెనే నీకు? ఏం చేస్తాండావు ఆడ?"

"అన్నం తింటాండానత్తా," అంది మాబున్ని. "తిన్నాంక మాట్లాడ్తా."